శిశువు వాకిటికి నడచిన బడి
(తారాబాయి మోడక్ స్మారకోపన్యాసము – చింతూరు)



శిశువిద్య యనగానే తెలుగువారికి 1939లో మదరాసు అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిన మారియా మాంటిస్సోరియు, ఆ పద్ధతిని 1955లో విజయవాడకు దెచ్చిన వి. కోటేశ్వరమ్మగారును స్ఫురింతురు. వారి కృషికి పట్టణములు క్షేత్రములైనవి. అడవిబిడ్డకు ఆ విద్య యందుట యెట్లను ప్రశ్నకు జీవితమునంతయు ధారవోసిన మరాఠీ విదుషి తారాబాయి మోడక్. కనుకనే ఆమెను స్మరించుటకు చింతూరు తగినచోటని నా తలంపు.

1892లో బొంబాయిలో జన్మించి, రాజకోటలో ఉపాధ్యాయినుల శిక్షణకళాశాలకు ప్రధానురాలై, ఆ గౌరవపదవిని వీడి, భావనగరమున గిజూభాయి బధేకా నడపుచుండిన బాలమందిరమున జేరి, 1926లో నూతన బాలశిక్షణ సంఘ స్థాపనలో ఆయనకు తోడ్పడిన యీమె, మాంటిస్సోరి సిద్ధాంతమును శిరసావహించెనే గాని ఆ బోధనసామగ్రి వెలను మాత్రము ఒప్పుకొనలేదు. నున్నగా చిత్రికపట్టిన కొయ్యబిళ్లలు కొనలేని యింట బుట్టిన బిడ్డకు ఇంద్రియములు లేకపోవునా? గులకరాళ్లు, గింజలు, గవ్వలు, ఆకులు ఆమె బడికి ఉపకరణములైనవి.

1945లో తన సహకారిణి అనుతాయి వాఘ్‌ను వెంటబెట్టుకొని నాటి ఠాణా జిల్లాలోని బోర్డీ గ్రామమున బాలశిక్షాకేంద్రమును దెరచినపుడు, పేదవాడల పిల్లలు గడప దొక్కలేదు. వారిని నిందింపక, బడియే వారి ముంగిళ్లకు నడచినది. నేటి అంగన్‌వాడీకి మూలమదియే. అయినను 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వము అంగన్‌వాడీలకు ఆధారమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలను ప్రారంభించునాటికి ఆమె గతించి రెండేండ్లయినది.

1957లో ఆ కేంద్రము కోస్‌బాడు గుట్టకు, వార్లీ గిరిజనుల నడుమకు తరలినది. అచట పెద్దపిల్ల బడికి రాకపోవుటకు కారణము చంకనున్న పసివాడని గ్రహించి, ఊయలను, బాలవాడిని, ప్రాథమికపాఠశాలను ఒక్కచోట జేర్చిరి. పసులగాపరి బాలుర కొరకు పచ్చికబీళ్లలోనే పాఠము చెప్పిరి. ఇంతకంటె గొప్ప విద్యాతత్త్వమును నేను ఉద్గ్రంథములలో జూడలేదు.

ఇక మన సంగతి. చింతూరు మన్యమున వెదురునకు కొదువలేదు. జేనెడు మొదలు మూరెడు వరకు క్రమముగా కోసిన పది వెదురుముక్కలను మూడేండ్ల కోయబిడ్డ ముందుంచుడు. వాడు వానిని గలిపి, విడదీసి, తప్పుగా పేర్చి, ఆ తప్పును తన కంటితోనే కనిపెట్టి, మరల వరుసదీర్చును. మాంటిస్సోరి యాశించిన స్వయంశోధన అదియే గదా! చింతగింజలతో లెక్కయు, ఆకులతో ఆకారభేదమును పట్టువడును. అయితే ఆ వేళ టీచరమ్మ పలుకు కోయలో నుండవలెను. కోయ వాచకములు మన రాష్ట్రమున లేకపోలేదు; కాని వాచకము చేతికందుట ఒకటవ తరగతిలో, భాష బెదరుట మూడవ యేటనే. గ్రుడ్డు, పాలు, తూనిక సరిగా నున్నవో లేవో పరీక్షించు అధికారులు – పరీక్షింపవలసినదే, కాదనను – పిల్లవాడు ఆ పూట నోరు విప్పెనా యని యేల యడుగరో నాకు బోధపడదు.

మరియొక మనవి. ఇప్పపువ్వు రాలు దినములలో తల్లులు తెల్లవారకమునుపే చెట్లక్రిందికి పోవుదురు; పసివారు గుడిసెలలోనో, తల్లుల వెంట అడవిలోనో ఉందురు. ఆ నెలన్నరయైనను కేంద్రమును గడియారమునుబట్టి గాక ఇప్పచెట్టునుబట్టి తెరచి, ఉదయపు గంజి అచటనే పోసి, అందుకు కార్యకర్తకు అదనపు వేతనము నిచ్చునట్లు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటిడిఎ) వారు ఈ వేసవికే ఉత్తరువు చేయవలెనని ఈ సభాముఖమున కోరుచున్నాను.