జీవశాస్త్ర పరీక్షకు మన పిల్లలు చదువవలసిన తీరు



విద్యను గూర్చి రెండు మాటలు చెప్పుడని కార్యదర్శివారు మమ్ము కోరియున్నారు. విద్య గొప్పదని ఈ సభలో మరల చెప్పుట కాలహరణము. కావున మేమొక చిన్న విషయమునే గైకొంటిమి. పదవ తరగతి పిల్లలు జీవశాస్త్ర పరీక్షకు ఎట్లు చదువుచున్నారు, ఎట్లు చదువవలెను అనునదే ఆ విషయము. అది ఉపాధ్యాయుల పని గదా, కులసభకు దానితో నేమి పని యని కొందఱు తలంపవచ్చును. పని కలదని మా యింటనే తెలిసికొంటిమి.

మా తమ్ముని కుమార్తె నిరుడు పదవ తరగతి చదివినది. వైద్యవిద్య నభ్యసింపవలెనని ఆమె కోరిక. మార్కులు తగ్గినచో చదువు చాలించి సంబంధము చూతమని ఇంటి పెద్దల యాలోచన. ఆ పెద్దలలో మేమును ఉన్నారము. మేము కోదాడకుఁ బోయి ప్రశ్నోత్తరముల గైడొకటి కొనితెచ్చి, మొదటినుండి కడవఱకు కంఠస్థము చేయుమంటిమి. ఆమె యట్లే చేసినది. కిరణజన్య సంయోగక్రియ సమీకరణమును నిద్ర లేపి యడిగినను తడబడక చెప్పుచుండెను. అంతలో బడిలో నమూనా పరీక్ష జరిగెను. కుండీలో నాటిన చిన్న మొక్క పెద్దదై ఎంతయో బరువెక్కినది, కుండీలోని మన్ను మాత్రము తఱుగలేదు, ఆ బరువెక్కడిది అని ప్రశ్న. మా బిడ్డ “ఎరువునుండి వచ్చినది” అని వ్రాసెను. జవాబు ఆమె కంఠస్థము చేసిన సమీకరణములోనే యున్నది, కాని ఆమె దానిని గుర్తింపలేదు. తప్పు బిడ్డది కాదు, గైడు కొనితెచ్చిన మాది.

ఇంటికి వచ్చి ఆమె యదే ప్రశ్న మమ్మడిగినపుడు మేమును ఎరువే యంటిమి! సాగరు ఎడమ కాలువ నీటితో ఇన్నేండ్లుగా వరి పండించుచున్నను, పైరు మన్ను తిని పెరుగునని మన మనస్సులో నాటుకొనియున్నది. ఈ పొరపాటు మనకే కలిగినది కాదు. వాన్ హెల్మాంటు అను పండితుడు 200 పౌనుల ఎండుమట్టిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోసి పెంచెను. చెట్టు 169 పౌనులు దాటెను. మట్టి యించుమించుగా రెండు ఔన్సులే తఱిగెను. ఈ సంగతి ఆయన మరణానంతరము 1648లో అచ్చయిన గ్రంథమున నున్నది. ఆయన బరువంతయు నీటిదే యనుకొనెను. అది సగమే నిజము. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా నేటి పుస్తకములలోని కార్బన్ డై ఆక్సైడును, పత్రరంధ్రములగుండ గైకొని, వేళ్లు తెచ్చిన నీటితో చేర్చి, సూర్యరశ్మి బలమున పిండిపదార్థమును వండుకొనునని తెలియుటకు ఇంకను నూఱేండ్లకు పైబడి పట్టినది. ఎరువు కావలసినదే, కాని కొలతలో అది కూరలో ఉప్పు వంటిది. వరిగడ్డి బరువులో నధికభాగము గాలినుండియు, నీటినుండియు వచ్చినదే. ఇది తెలిసిన పిల్లవాడు సమీకరణమును మఱచినను మరల కూర్చుకొనగలడు.

ఈ పాఠమును చేసి చూచుట కష్టము కాదు. కుండీమొక్కను రెండు మూడు దినములు చీకటిలో నుంచి, ఒక యాకులో కొంత భాగమునకు నల్లకాగితము గట్టి ఎండలో పెట్టవలెను. పిమ్మట ఆ యాకును ఆల్కహాలులో వేసి, ఆ పాత్రను వేడినీటిలో నుంచి పచ్చదనము పోగొట్టి, అయోడిను చుక్కలు వేయవలెను. ఎండ తగిలినచోట నీలినలుపెక్కును, కప్పినచోట ఎక్కదు. ఆల్కహాలును నేరుగా మంటపై పెట్టరాదు, భగ్గుమని యంటుకొనును. కావున ఉపాధ్యాయులు దగ్గఱ నుండియే చేయింపవలెను.

శ్వాసక్రియ పాఠమున పిల్లలు తఱచుగా చేయు తప్పు మఱియొకటి కలదు. మొక్కలు పగలు ఆహారము తయారుచేయును, రాత్రి మాత్రమే శ్వాసించును అని వ్రాయుదురు. అవి రేయింబవళ్లు శ్వాసించుచునే యుండును. తడిసిన ధాన్యమును కళ్లమున కుప్పపోసి, మఱునాడు అందు చేయి పెట్టిన వెచ్చగా నుండుట మనమెఱుగుదుము. గింజయు, దానిని బట్టిన బూజును శ్వాసించుచుండగా వెలువడిన వేడియే యది. ఆ శక్తిలో కణము దాచుకొను భాగము ఏటీపీ రూపమున నుండును. ఆ పదార్థమును 1929లో కండరములయందు గుర్తించినవారిలో మన తెలుగువారగు యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఆయన 1895లో భీమవరమున జన్మించి, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవసారి గట్టెక్కెను. ఒకసారి తప్పిన బిడ్డ చదువును ముగించి వేయుదమను తల్లిదండ్రులకు ఈ మాట చెప్పుచున్నారము.

హృదయపు పటమును గైడులో చూచి గీయుటకంటె, ఆదివారమున మాంసపు దుకాణమునుండి మేకగుండె నొకదానిని తెచ్చి కోసి చూచుట మేలు. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటె ఏల మందమో చేతికే తెలియును: కుడిది రక్తమును పక్కనున్న ఊపిరితిత్తులకు పంపును, ఎడమది అరికాలివఱకు పంపవలెను. పిదప పుస్తకము మూసి పటము గీసి, తెఱచి సరిచూచుకొనవలెను. తక్కిన పాఠములకును ఇదియే పద్ధతి.

అనువంశికత పాఠమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. మెండెలు 1866లో ప్రకటించిన మూడుకొకటి నిష్పత్తిని, నలుగురు పిల్లలలో తప్పక మువ్వురికి ఒక లక్షణము వచ్చునని పిల్లలు అర్థము చేసికొందురు. అది వేలకొలది బఠాణీగింజలను లెక్కించిన మీదట తేలిన పాలు. ఒక్క కాపురమునకు హామీ కాదు. ఇక లింగనిర్ణయము: తల్లినుండి బిడ్డకు ఎక్స్ క్రోమోజోమే వచ్చును, తండ్రినుండి ఎక్స్ గాని, వై గాని వచ్చును. ఆడయో మగయో తేల్చునది తండ్రి కణమే. మన బిడ్డ దీనిని పరీక్షలో చక్కగా వ్రాసి మార్కులు తెచ్చుకొని ఇంటికి వచ్చును. ఇంట నాయనమ్మ వరుసగా ఆడపిల్లలను కన్నదని కోడలిని సాధించుచుండును. ఈ సభలోని పెద్దలలో ఎందఱిండ్లలో ఈ మాట వినబడుచున్నదో మేము లెక్కింపబోము. మా యింటను వినబడినది. మా బిడ్డ నాయనమ్మకు పలకమీద ఎక్స్, వై వ్రాసి చూపించినది. ఆ పూట ఆమె యేమియు ననలేదు. మూడవనాడు, “అట్లయిన నా కొడుకుదే గదా తప్పు” అని నవ్వినది. తప్పెవ్వరిదియు కాదని చెప్పుటకు ఇంకొకనాడు పట్టినది.

అట్లు ఎవరికో యొకరికి బోధించిన పాఠమునే ఆమె మార్చి పరీక్షలో ధైర్యముగా వ్రాసినది. గైడు అటుకమీది కెక్కినది. నేడామె జీవశాస్త్ర విభాగమున ఇంటరు చదువుచున్నది. సంబంధముల మాట ఇంట నెవ్వరును ఎత్తుట లేదు.

ఇక మా విన్నపము. యాసంగి నాట్లు జనవరిలో పడును. పరీక్షలు మార్చిలో వచ్చును. కూలీలు దొరకరను మాట నిజమే యైనను, ఆ రెండు నెలలు పదవ తరగతి పిల్లలను నాటుకుగాని, రాత్రి నీళ్లు పెట్టుటకుగాని పంపరాదని సభవారు తీర్మానింపవలెను. పోషకులు ఏటేట శాలువలకు, జ్ఞాపికలకు చేయు వ్యయములో కొంత తగ్గించి సూక్ష్మదర్శిని నొకదానిని కొని, అనంతగిరిలో సాయంకాలము చదువుకొనుటకు ఒక గదిని చూపవలెను. శాలువలు మాకును కలవు, పెట్టె తెఱచుట లేదు. మొదటినాటికి ఉల్లిపొరయు, అయోడినును మేము తెచ్చెదము. గది తాళమెవ్వరు తెచ్చెదరో సభ ముగియులోపల కార్యదర్శివారికి తెలుప ప్రార్థన.