మోడు అనుకున్న చెట్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఇంజనీరును కదా అని కొత్త ఆడిటోరియం గురించి మాట్లాడమన్నారు. దానికంటే ముందు బడి వెనక ఉన్న చెట్ల సంగతి చెప్పాలి.

మనది ఆకురాల్చే అడవి. జన్నారం, కవ్వాల్, ఉట్నూరు ఎటు పోయినా టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, ఇప్ప. ఎండలు ముదిరేసరికి అంతా మోడే. చిన్నప్పుడు సైన్సు సారును "చెట్టు సచ్చిందా సార్?" అని అడిగితే, "గోరుతో కొమ్మ గీకి చూడురా" అనేవారు. గీకితే లోపల పచ్చగా ఉండేది.

ఆ పాఠం నేను మరిచిపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోడ్డు వెడల్పు పనికి సర్వే చేశాను. ఏప్రిల్ నెల. "చెట్లు పలుచన, ఎక్కువ భాగం ఎండినవి" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం మీదే చెట్లు కొట్టారు. జూలైలో మళ్లీ వెళ్తే రోడ్డుకు అవతలి వైపు కొట్టకుండా మిగిలిన అడవి పచ్చటి గోడలా నిలబడి ఉంది. గోండు పెద్దాయన ఒకాయన మొద్దులు చూపించి, ఈ ఇప్ప మాది, ఆ ఇప్ప మా తమ్ముడిది అని చెప్పాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తరువాత చదివాను. నీళ్లు కరువైన నెలల్లో ఆకు ఉంటే దాని గుండా తేమ పోతూనే ఉంటుంది. అందుకే చెట్టు ఆకును వదిలేస్తుంది. అదీ ఊరికే వదలదు. ఆకులో ఉన్న నత్రజనిలో, భాస్వరంలో చాలా భాగం ముందే కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. రాలింది చెదలు తిని, తొలకరికి కుళ్లి మళ్లీ వేళ్లకే చేరుతుంది. ఆ ఆకుల పరుపు మీద పడ్డ మొదటి వాన ఉరకదు, నేలలోకి ఇంకుతుంది. కల్వర్టులు కట్టే మాకు ఇది ముందే తెలిసి ఉండాల్సింది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఈ చెట్లలో చాలా జాతులు వాన కోసం ఆగవు. నేల నెర్రెలిచ్చిన మే నెలలోనే, లోతున మిగిలిన తేమతో చిగురిస్తాయి. మోదుగ ఆకు లేకుండానే ఎర్రగా పూస్తుంది. ఇప్ప కూడా అంతే. రాత్రి గబ్బిలాలు వచ్చి పోతాయి, తెల్లవారుజామున పువ్వు రాలుతుంది, మనుషులు ఏరుకుంటారు, ఎలుగుబంటి కూడా తన వాటా తింటుంది. అంటే నేను ఎండిందని రాసిన నెలే ఆ అడవికి పంట నెల! తునికాకు కోసేదీ ఆ రోజుల్లోనే.

నిప్పు మాట కూడా చెప్పాలి. పువ్వు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకు కాలుస్తారు. ముదురు టేకును మందపాటి బెరడు కాపాడుతుంది, పిల్లమొక్కకు ఆ దిక్కు లేదు. ఏటా కాలితే ముసలి చెట్లే మిగులుతాయి. ఏరేవాళ్లనే తప్పు పట్టలేం, ఆరని బీడీ విసిరే మనమూ ఉన్నాం.

ఇప్పుడు ఆడిటోరియం. స్థలం నోటులో "వెనక ఉన్న ఎండు చెట్లు తొలగించాలి" అని ఉంది. రాసిన మిత్రుణ్ణి అనడానికి నాకు నోరు లేదు, అదే వాక్యం నేనూ రాశాను. నిన్న సాయంత్రం వెళ్లి ఆరు టేకులు, ఒక ఇప్ప గీకి చూశాను. ఒక్క టేకు నిజంగానే చచ్చింది. మిగతావన్నీ పచ్చగా ఉన్నాయి. భవనాన్ని తూర్పుకు 12 మీటర్లు జరిపితే సరిపోతుంది. సైకిల్ స్టాండు మాత్రం పోతుంది, ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఆ పెరిగింది నేను పెట్టుకుంటాను. మార్చిన ప్లాను కార్యదర్శి గారికి ఇచ్చాను. నిర్ణయం సాయంత్రం మీటింగులో ఉంది. భోజనాలయ్యాక ఒకసారి వెనక్కి రండి, ఇప్ప పువ్వు రాలుతోంది.