తటాకము - వనము : వేసవి ముంగిట పెరటి ధర్మము



మానవుడు లోకమున విడిచిపోదగిన సంతానములు ఏడని మన పెద్దలు లెక్కించిరి. తనయుడు, తటాకము, కృతి, నిధానము, దేవాలయము, వనము, అగ్రహారము - వీనినే సప్తసంతానములందురు. ఇందు అగ్రహారములు, నిధానములు మనవంటి గృహస్థులకు అలవి కానివి. వనమో, అది అందరికిని అందుబాటులోనిదే. పెరటిలో ఒక కరివేప, ఒక మందార, కోటలో తులసి, పందిరిపై బీరతీగె ఉన్న చాలును. అదియే మన వనము. అయితే ఆ పట్టికలోనే తటాకము కూడ ఉన్నదని మరువరాదు. ఒక సంతానమును పోషించుటకై మరియొక సంతానమును ఎండగట్టువాడు గృహస్థు అనిపించుకొనడు. వేసవి ముంగిట పెరటిలో చేయవలసిన పనులన్నియు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నవి.

మన ఆదిభట్ల ఉన్న ఇబ్రహీంపట్నం ప్రాంతము సంగతి చూడుడు. గోల్కొండ ప్రభువు ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550-1580) పేర వెలసిన ఈ సీమకు ఆనాటి పెద్ద చెరువే ప్రాణము. ఇచ్చట ఒడిని ఆనుకొని పారు మహానది లేదు. పైన ఎర్రచెలక నేల, క్రింద గ్రానైటు శిల. కురిసిన వాన ఆ శిలపై నున్న మెత్తని పొరలోను, శిలలోని పగుళ్ళలోను దాగియుండును. బోరుబావి తోడునది ఆ దాచిన నీటినే. 2010 తరువాత ఇచ్చట విమాన భాగముల కర్మాగారములు వచ్చినవి, సాఫ్టువేరు కార్యాలయములు వచ్చినవి, కొత్త కాలనీలు వెలసినవి. ప్రతి యింట ఒక బోరు, ప్రతి ముంగిట నాలుగు మొక్కలు. గోడలు వేరైనను గోడల క్రింది నీరు ఒక్కటే. నా పచ్చిక బయలుకై రాత్రింబవళ్ళు మోటారు నడచినచో, ప్రక్క యింటి పాతబావి అడుగంటవచ్చును. కావున ఫాల్గుణ చైత్రములలో తోటపని యనగా ఉన్నవానిని తక్కువ నీటితో కాపాడుటయే. కొత్తమొక్కలు నాటుకోరిక తొలకరివరకు ఆగవలెను.

మొదటిపని నేలను కప్పుట. బట్టలేని నేల ఎండకు పగులును, పోసిన నీరు గాలిపాలగును. రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టు అలవాటు మనలో చాలమందికి గలదు. ఆ ఆకులే నేలకు దుప్పటి. ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కొబ్బరిపీచు - ఏది దొరికిన దానిని రెండు మూడు అంగుళముల మందమున పాదులో పరువవలెను. దీనినే వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఆచ్ఛాదన అందురు. మొదలునకు మాత్రము అది తగులకుండ నాలుగు వ్రేళ్ళ ఎడము విడువవలెను. లేనిచో తడికి బెరడు కుళ్ళును.

రెండవపని పాదులు సరిచేయుట. చెట్టు నీరు త్రాగునది ప్రధానముగా కొమ్మల అంచునకు దిగువనుండు సన్నని వేళ్ళతోనే గాని బోదెతో కాదు. అందుచే పాదును కొమ్మల నీడ అంచువరకు వెడల్పు చేయవలెను. నీరు తెల్లవారుజామున పోయుట ఉత్తమము; వీలుకానిచో సాయంకాలము, ఆకులు తడియకుండ మొదటికి పోయవలెను. మిట్టమధ్యాహ్నపు నీటిలో కొంత ఆవిరికే అర్పణ. దినదినము చెంబెడు చల్లుటకంటె రెండు మూడు దినములకొకసారి నేల లోతుగా తడియునట్లు పోసినచో వేళ్ళు లోనికి దిగి ఎండకు ఓర్చును. కుండీలలోని మొక్కలకు ఈ లెక్క చెల్లదు. వానికి వ్రేలు రెండు అంగుళములు మట్టిలో గ్రుచ్చి, తడి తగులనినాడు పోయవలెను. ఎండమావి వంటి పైపొరను చూచి మోసపోరాదు.

తీగెపాదులకు ఒక పాత ఉపాయమున్నది. కాల్చిన మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూత వేయుట. కుండ గోడలనుండి నీరు కొంచెము కొంచెముగా ఊరి వేళ్ళకు చేరును. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దినాటి చైనా దేశపు ఫాన్ షెంగ్-చీ వ్యవసాయ గ్రంథములో ఈ పద్ధతి వర్ణింపబడినది. మన కుమ్మరి చేసిన కుండతో ఆ పని నేడును సాగును. రంగు పూసిన కుండ మాత్రము పనికిరాదు.

మూడవది నీడ. కుండీలను పడమటి గోడ వేడినుండి తొలగించి, తూర్పు వైపున గుంపుగా చేర్చవలెను. నారుమొక్కలకు కొబ్బరిమట్టలతోనో, పాతచీరతోనో చలువపందిరి వేసిన చాలును. చిన్న పండ్లచెట్ల బోదెలకు సున్నము పూసినచో బెరడు మాడదు. ఈ దినములలో పెద్దకొమ్మలు నరుకరాదు, రసాయనిక ఎరువు మోతాదు మించి వేయరాదు. చివికిన పెంటయెరువు పిడికెడు మేలు.

ఇక చెట్టుచెట్టునకు గల సేవ. తులసికి మంజరులను ఎప్పటికప్పుడు త్రుంచినచో ఆకు దట్టముగా వచ్చును. చలికాలమున కత్తిరించిన మల్లె ఇప్పుడు మొగ్గ తొడుగును. దానికి తడి తప్పరాదు, కత్తెర తగులరాదు. మామిడికి పిందె బఠాణిగింజంత అయిన పిదప నీటి ఎద్దడి కలిగినచో పిందెలు రాలును. మందారకు తెల్లని పిండినల్లి పట్టుట ఈ కాలముననే. మొదట నీటిధారతో కడిగి, తగ్గనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్ది సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవలెను. పగటియెండ 35 డిగ్రీలు దాటిన పిమ్మట టమాటా పూత రాలుచున్నచో అది మీ సేవలోపము కాదు, ఋతుధర్మము. ఆ చోట తోటకూర, గోంగూర, బచ్చలి ఉన్నచో పులుసునకు కొరత రాదు.

తల్లులారా! నీరు ఎక్కడిదని అడుగుదురు. బియ్యము కడిగినది, కూరలు కడిగినది, గిన్నెలో మిగిలినది - ఇవి మొక్కలకు చేరవలెను. ఏ.సీ. యంత్రమునుండి కారు నీరును చేర్చవచ్చును. నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము విడుచు నీటిలో లవణములెక్కువ. దానిని నేల కడుగుటకు వాడుడు, కుండీలకు నిత్యము పోయకుడు. గోడపై పిచ్చుకలకు ఒక మూకుడు నీరు పెట్టుడు. దానిని దినదినము మార్చి తోముడు, ఏలయన నిలువనీటిలో దోమగ్రుడ్డు వారము పది దినములలో దోమగా ఎగురును.

చివరి పని అందరును మరచునది. తొలకరికి ఇంక రెండు మూడు నెలలు ఉండగనే మిద్దెను ఊడ్చి, గొట్టములను శుభ్రపరచి, ఇంకుడుగుంతను తవ్వుకొనవలెను. ఉన్నచో పూడిక తీయవలెను. లెక్క సులభము. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల జల్లు పడినచో 1000 లీటర్లు. నేడు అది వీధికాలువలో పోవుచున్నది. నాటి రాష్ట్ర ప్రభుత్వము 2002లో చేసిన చట్టమునకే నీరు, భూమి, చెట్టు అను మూడు మాటలు కలిపి పేరు పెట్టిరి. శాసనము చెప్పకపూర్వమే సప్తసంతానముల లెక్క ఆ మాట చెప్పినది.

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని లోకోక్తి. చేరువనున్న దానికి విలువ కట్టని మన స్వభావమును అది ఎత్తిపొడుచును. పెరటిబావి సంగతియు అంతే. అది ఎండిన దినముననే మనకు జ్ఞాపకము వచ్చును. మీ మల్లెపందిరి ఈ వైశాఖమున విరియబూయుగాక. ఆ పూవు కోయునప్పుడు ప్రక్కయింటి బావిలోనికి ఒకసారి తొంగిచూడుడు. అందును నీరున్నచో మీరు పెంచినది వనము.

స్వస్తి.