ట్రాక్టరు ఇంజను ఆయిలు – ఎన్ని గంటలకు మార్చవలెను?

(రైతు శిక్షణ శిబిరములో వ్యవసాయ యంత్ర విభాగమువారు చేసిన ప్రసంగ పాఠము)



“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని మన పెద్దలు చెప్పియున్నారు. ఎడ్లబండి ఇరుసు ఎండినచో కీచుమని అరచి, కందెన అడిగి పుచ్చుకొనును. ట్రాక్టరు ఇంజనుకు ఆ గుణము లేదు. ఆయిలు పాడైనను అది మామూలుగానే నడచును, మామూలుగానే దున్నును. లోపల మాత్రము అరిగిపోవుచుండును. అది అరచు నాటికి మనము చేయగలిగినది ఏమియు మిగులదు. అందుచేత ఆయిలు ఎప్పుడు మార్చవలెనో ఇంజను చెప్పునని ఎదురుచూడక, మనమే లెక్క పెట్టుకొనవలెను. ఆ లెక్క ఎట్లో ఈనాడు ముచ్చటించుకొందము.

నేనెరిగిన ఒక రైతు సంగతి చెప్పెదను. ఆయనకు సొంత భూమి ఆరెకరములు. అప్పుపై ట్రాక్టరు కొని, ఊరిలో నలుగురికి బాడుగకు దున్నుచుండెను. పట్టణములో ఉద్యోగము చేయు కుమారుడు పండుగకు కారులో వచ్చి, “నాన్నా, నా కారులో పోసినది సింథటిక్ ఆయిలు. పదివేల కిలోమీటర్ల వరకు గాని, ఏడాది వరకు గాని మార్చనక్కరలేదు” అనెను. తండ్రి ఆ రకము ఆయిలే తెచ్చి ట్రాక్టరులో పోసి, ఏడాది పొడుగునా దాని మాట మరచెను. ఆ ఏడాదిలో ట్రాక్టరు 900 గంటలు పనిచేసినది. సరిగా దమ్ముల రోజులలో ఇంజను పట్టివేసినది. బేరింగులు పోయి, క్రాంకు షాఫ్టు గీతలు పడి, ఇంజను బోరుకు వచ్చెను. మూడు వారములు ట్రాక్టరు షెడ్డులోనే ఉన్నది. ఒప్పుకొన్న పొలములకు వేరొకరు దమ్ము చేసిరి. సొంత మడిలో నారు ముదిరిపోయెను. బ్యాంకు వాయిదా మాత్రము ఆగలేదు.

ఇందులో కుమారుడు చెప్పినది అబద్ధము కాదు. కారు గంటకు సగటున 40 కిలోమీటర్లు నడచుననుకొన్నచో, 10,000 కిలోమీటర్లు అనగా 250 గంటలు. చాల ట్రాక్టర్లకు తయారీదారులు చెప్పు గడువు కూడ ఇంచుమించు అదే. అయితే సొంత కారు ఆ 250 గంటలు నడచుటకు ఏడాది పట్టును. బాడుగ ట్రాక్టరు రోజుకు 8 గంటల చొప్పున ఒక్క నెలలోనే నడచును. పైగా కారు ఇంజను తన శక్తిలో కొద్ది భాగముతోనే రోడ్డుపై పోవుచుండును. రోటవేటరు లాగు ట్రాక్టరు దాదాపు ఉన్న శక్తినంతయు గంటల తరబడి వెచ్చించును. తండ్రి పట్టుకొనవలసినది గంటలు. ఆయన పట్టుకొన్నది ఏడాది. పొరపాటు అక్కడ జరిగినది.

ఆయిలు ఎందుకు పాడగును?

ఇంజనులో ఆయిలు చేయు పని కేవలము నునుపు కలిగించుట కాదు. అది పిస్టనుల వేడిని లాగివేయును. మసిని కడిగి తనలో కలుపుకొనును. డీజిలు కాలినప్పుడు పుట్టు ఆమ్లములను విరిచివేయును. తుప్పు పట్టకుండ కాపాడును. ఈ పనుల కొరకు తయారీలోనే దానిలో కొన్ని మందులు కలుపుదురు. పని జరుగుకొలది ఆ మందులు ఖర్చయిపోవును. మిగిలిన ఆయిలు చూచుటకు ఆయిలువలెనే ఉండును గాని కాపాడు శక్తి తగ్గిపోవును.

రెండవ సంగతి, బయటినుండి చేరు మలినము. తెలంగాణ చెల్క భూములలో వేసవి దుక్కులకు లేచు దుమ్మును మీరెరుగుదురు. ఎయిర్ క్లీనరు సరిగా లేనిచో ఆ దుమ్ము ఇంజనులోనికి పోయి ఆయిలులో కలిసి ఆకురాయివలె పనిచేయును. కృష్ణా, గోదావరి డెల్టాలలో దమ్ము చేయునప్పుడు దుమ్ము తక్కువేగాని, నీటి భయము ఎక్కువ. ఇంజను వేడెక్కకముందే ఆపివేయు అలవాటున్నచో, లోపల పుట్టిన తేమ ఆవిరిగా పోక ఆయిలులోనే నిలుచును.

2020 ఏప్రిల్ 1వ తేది నుండి దేశమంతటను అమ్ము డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించరాదను నియమము వచ్చినది. అందువలన ఆమ్లముల బాధ వెనుకటికంటె తగ్గినది. కాని మసి, దుమ్ము, తేమలకు ఆ నియమము అడ్డు కాదు.

రంగును నమ్మరాదు

“ఆయిలు నల్లబడినది, మార్చవలెను” అనువారు కొందరు. “ఇంకను జిగట ఉన్నది, మార్చనక్కరలేదు” అనువారు కొందరు. రెండును సరికావు. డీజిలు ఇంజనులో క్రొత్త ఆయిలు సయితము కొద్ది గంటలలోనే నల్లబడును. మసిని గోడలకు అంటనీయక తనలో ఉంచుకొన్నదన్నమాట. అది మంచి ఆయిలు లక్షణమే. వ్రేళ్ల మధ్య రుద్ది చూచినంత మాత్రమున మందులు మిగిలినవో లేదో తెలియదు. అయితే ఈ మూడు గుర్తులు కనబడినచో గంటల కొరకు ఆగక వెంటనే మెకానిక్కుకు చూపవలెను.

1. ఆయిలు మజ్జిగవలె తెల్లగా మారుట – నీరు కలసినదని గుర్తు.
2. కొలత కడ్డీపై మట్టము పెరుగుట – డీజిలు గాని నీరు గాని చేరుచున్నదని గుర్తు. దీనిని చూచి సంతోషించు వారున్నారు. భయపడవలసిన సంగతి ఇది.
3. మట్టము త్వరత్వరగా తగ్గుట, పొగ నీలముగా వచ్చుట – ఆయిలు కాలిపోవుచున్నదని గుర్తు.

గంటల లెక్క, డీజిలు లెక్క

మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో ఆయిలు మార్పు గడువు వ్రాసియుండును. చాల ట్రాక్టర్లకు అది 250 గంటలు. కొన్ని పాతవాటికి అంతకంటె తక్కువ, కొన్ని క్రొత్తవాటికి ఎక్కువ. క్రొత్త ట్రాక్టరుకు మొదటి మార్పు దాదాపు 50 గంటలకే చేయవలసియుండును. దుమ్ములో పని ఎక్కువైనచో గడువు తగ్గించుమని కూడ పుస్తకములో ఉండును. గంటలు నిండకున్నను ఏడాదికొకసారి మార్చుట మంచిది.

గంటల మీటరు విషయములో ఒక మెలకువ. పాత ట్రాక్టర్లలో ఇంజను నిర్ణీత వేగముతో తిరిగినప్పుడే మీటరులో ఒక గంటకు ఒక గంట పడును. మెల్లగా తిరిగినచో తక్కువ పడును. కొన్ని క్రొత్తవాటిలో ఇంజను ఎట్లు తిరిగినను గడియారము ప్రకారమే పడును.

మీటరు చెడిపోయినచో ఏమి చేయవలెను? డీజిలు లెక్క చూడుడు. మీ ట్రాక్టరు గంటకు 4 లీటర్లు త్రాగునదైనచో, 250 గంటలకు 1,000 లీటర్లు. బంకు రశీదులు ఒక మేకుకు గ్రుచ్చి ఉంచినచో చాలును. 1,000 లీటర్లు కాలగానే ఆయిలు మార్పునకు వేళ అయినదని తెలియును. మసియు, ఆమ్లమును పుట్టునది డీజిలునుండియే గనుక ఈ లెక్కలో న్యాయమున్నది.

గడువు దాటించిన మిగులెంత?

ఒక ఉదాహరణము వేసి చూతము. ఇంజనుకు ఏడున్నర లీటర్లు పట్టుననుకొందము. లీటరు 300 రూపాయలైనచో 2,250, ఫిల్టరు 350, మొత్తము 2,600 రూపాయలు. 250 గంటలకు పంచినచో గంటకు 10 రూపాయల 40 పైసలు. అదే ఆయిలును 350 గంటలు నడపినచో గంటకు 7 రూపాయల 43 పైసలు. అనగా గంటకు మిగిలినది సుమారు మూడు రూపాయలు. ఆ గంటలోనే 4 లీటర్ల డీజిలు పోయుచున్నాము. లీటరు 95 రూపాయలనుకొన్నచో 380 రూపాయలు! డీజిలుకు 380 పెట్టువాడు ఆయిలుపై మూడు మిగుల్చుకొని ఇంజనును పణము పెట్టుట తగునా? గోటితో పోవుదానిని గొడ్డలి దాక తెచ్చుకొనుటయే.

సింథటిక్ ఆయిలు సంగతి

సింథటిక్ ఆయిలు మంచిదే. అధిక వేడికి త్వరగా చిక్కబడదు. చలిలో సులభముగా పారును. కాని అందులో పడిన దుమ్ము దుమ్ముగానే ఉండును. మసి మసిగానే పేరుకొనును. తయారీదారుడు గడువు పెంచనంతవరకు, ఆయిలు ఖరీదైనదని మనము పెంచరాదు. పై ఉదాహరణములోనే లీటరు 600 రూపాయల ఆయిలు పోసినచో ఫిల్టరుతో 4,850 రూపాయలగును. ఖర్చు సరిపోవలెనన్న దానిని 466 గంటలు నడపవలెను. మీ పుస్తకము అంత గడువు అనుమతించినదా? అనుమతించినచో వాడుడు. లేనిచో పుస్తకములో చెప్పిన తరగతి మామూలు ఆయిలునే సకాలములో మార్చుట లాభము.

ధరకంటె ముఖ్యముగా చూడవలసినవి డబ్బాపై నుండు రెండు గుర్తులు: 15డబ్ల్యు-40 వంటి చిక్కదనపు సంఖ్య, సిఐ-4 వంటి తరగతి. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి పైబడిన క్రొత్త ట్రాక్టర్లకు పొగ నియమములు కఠినమైనవి. వాటిలో పొగ గొట్టమున మసి పట్టు ఫిల్టరు ఉన్నవానికి, పుస్తకములో పేర్కొన్న తక్కువ బూడిద రకము ఆయిలే పోయవలెను. సీలు ఉన్న డబ్బా కొని, రశీదు తీసుకొనుడు. ఖాళీ డబ్బాను రంధ్రము చేసి పారవేసినచో నకిలీ ఆయిలు నింపువారికి అది ఉపయోగపడదు.

మార్చు విధానము

1. ఇంజనును కొంతసేపు నడపి వేడి చేసి, సమతలముపై నిలిపి ఆపవలెను. వేడి ఆయిలుతోనే మడ్డి దిగును. చేతులు కాలకుండ జాగ్రత్త.
2. అడుగు బోల్టు విప్పి, ఆయిలు చుక్కలు ఆగువరకు ఓపిక పట్టవలెను.
3. ఆయిలుతోపాటు ఫిల్టరును తప్పక మార్చవలెను. పాత ఫిల్టరులోని మడ్డి క్రొత్త ఆయిలును మొదటి గంటలోనే చెరచును.
4. కొలత కడ్డీ పై గీతను మించకుండ పోసి, రెండు నిమిషములు నడపి, ఆపి, కొంతసేపైన పిదప మరల చూడవలెను.
5. ఎయిర్ క్లీనరును అదే రోజున శుభ్రము చేయవలెను. ఆయిలు గిన్నె గల రకమైనచో ఆ గిన్నెలోని ఆయిలును కూడ మార్చవలెను.

దించిన పాత ఆయిలును కాలువలో గాని, గట్టుపై గాని పోయరాదు. పశువుల పుండ్లకు, గోమార్లకు పూయు అలవాటు కొన్ని ఊళ్లలో ఉన్నది. అది పశువుకును, పూయు చేతికిని కీడు. మూత గల డబ్బాలో ఉంచి, పాత ఆయిలు సేకరించుటకు అనుమతి గలవారికి ఇవ్వవలెను.

సోదరులారా! ఈ ప్రసంగములో ఒక్క మాట గుర్తుంచుకొన్నను చాలును: ఆయిలును రంగుతో కాదు, గంటలతో కొలువుడు. ఈ రాత్రికే ట్రాక్టరు మీటరు చూచి, ఆ అంకెను, దానికి మీ పుస్తకములోని గడువు కలిపి వచ్చిన అంకెను, బానెట్టు లోపలి వైపున సుద్దముక్కతో గాక పెయింటుతో వ్రాసి ఉంచుడు. డ్రైవరు మారినను ఆ అంకె మారదు. దమ్ముల నాడు మీ ఇంజను ఆగదు.