బడి మూతపడితే నష్టపోయేది మనమే

(తాడేపల్లిగూడెంలో రైతులు, కౌలు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం ధర గురించి పిలిచి బడుల గురించి మాట్లాడతారేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. బడి కోసం టీచర్లతో పాటు మనమూ నిలబడాలని ఉపాధ్యాయ సంఘాలు అడుగుతున్నాయి. అది వాళ్ల ఉద్యోగాల గొడవేనా, మన గొడవ కూడానా? ఈరోజు తేల్చుకుందాం.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2022 జూన్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 117వ నంబరు జీవో తెచ్చింది. ఊరి ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూలుకు పంపమంది. మిగిలిన 1, 2 తరగతులకు చాలాచోట్ల ఒక్క టీచరే దిక్కయ్యారు. యుటిఎఫ్, ఇతర ఉపాధ్యాయ సంఘాలు దీన్ని వ్యతిరేకించి పోరాడాయి. 2025లో ఇప్పటి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. మంచిదే. దాని స్థానంలో బడులను తొమ్మిది రకాలు చేసింది. అందులో తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూలు ఒకటి. తరగతికొక టీచరు కావాలని మనమూ కోరుతున్నాం. అయితే ఆ బడి మన ఊళ్లో ఉంటుందా, పక్క ఊళ్లోనా? మన ప్రశ్న అదీ.

కాగితం మీద కిలోమీటరు ఎక్కడైనా కిలోమీటరే. కొల్లేటి లంకల్లో అలా కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి, ఉప్పుటేరు నీటిని లాగనప్పుడు గట్టేదో నీరేదో తెలియదు. 2024 సెప్టెంబరు వరదల్లో ఏలూరు–కైకలూరు రోడ్డు మీదే చిన్న ఎడ్లగాడి దగ్గర రాకపోకలు ఆగిపోయాయి. పెద్దవాళ్లం ఆగిపోయిన చోట ఎనిమిదేళ్ల పిల్లను ఏ తల్లి పంపుతుంది? ముందు వారం రోజులు మాన్పిస్తుంది. తర్వాత ఆ పిల్ల చెరువు పనికో, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

ఇక డబ్బు సంగతి. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. ఇన్నేళ్లయినా అక్కడికి చేరలేదు. పెట్టే డబ్బయినా ముందు ప్రభుత్వ బడికి పెట్టమన్నది ఉపాధ్యాయ సంఘాల వాదన. తల్లికి వందనం కింద 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. పిల్లలు ప్రైవేటులో చదివినా ఇస్తారు. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకిచ్చి, ఆ ఫీజు ప్రభుత్వం కడుతుంది. ఆ డబ్బు మనకు అక్కరకొస్తుంది, కాదనం. కానీ ఊరి బడిలో పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు. టీచరు లేరని మిగిలిన పిల్లలూ వెళ్లిపోతారు. పిల్లలు లేరని చివరికి బడే మూసేస్తారు.

ఇది ఇక్కడి వింత కాదు. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు యాజమాన్యాలు నడిపే చార్టర్ స్కూళ్లకు 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసింది. 2013లో చికాగో నగరం పిల్లలు చాలడం లేదంటూ 50 దాకా ప్రభుత్వ బడులను మూసేసింది. వాటిలో ఎక్కువ భాగం నల్లజాతి పేదల పేటల్లోవి. 2019లో లాస్ ఏంజిలెస్ టీచర్లు సమ్మె చేసినప్పుడు జీతాలతో పాటు తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించాలని, చార్టర్ స్కూళ్లకు హద్దు పెట్టాలని కూడా అడిగారు.

మన భాషలో చెప్పుకుందాం. దాళ్వా ధాన్యం కళ్లంలో ఉన్నప్పుడు కొనుగోలు కేంద్రం తెరవకపోతే ఏమవుతుంది? మిల్లరు చెప్పిందే ధర. కేంద్రం తెరిచి ఉంటే, అక్కడ అమ్మని రైతుకు కూడా బయట నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. ప్రభుత్వ బడి కూడా అంతే. మన పిల్ల అక్కడ చదవకపోయినా, అది ఉన్నంతకాలం ప్రైవేటు ఫీజుకు ఒక పగ్గం ఉంటుంది. అది పోయిననాడు వాళ్లు అడిగినంత కట్టాల్సిందే. కౌలు కట్టి, ఎరువుల బాకీ తీర్చి మిగిలిన నాలుగు బస్తాలూ పసుపు బస్సుకే పోతాయి.

మన తప్పూ ఒప్పుకుందాం. బడి పోతోందని ఇక్కడ మాట్లాడుతున్న మనలోనే చాలామంది పిల్లలను ఆ బస్సెక్కించాం. టీచర్లలోనూ చాలామంది అదే చేశారు. ఈ మాట వాళ్లకు మొహం మీదే చెబుదాం. చెప్పి, వాళ్లతో కలిసి నిలబడదాం. ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ గారు 2023 డిసెంబరు 15న అంగన్‌వాడీల సమ్మెకు మద్దతుగా వెళుతూ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ పోరాటం తనది కాదని ఆయన అనుకోలేదు.

అందుకని మూడు పనులు చేద్దాం. తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి మగవాళ్లమూ వెళదాం. తరగతులు తరలించే తీర్మానం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. ఊళ్లో బడి ఈడు పిల్లలు ఎంతమంది, ఎక్కడ చదువుతున్నారు, ఎవరు మానేశారు అన్న లెక్క మనమే రాసుకుందాం. 60 మంది లోపున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యా హక్కు చట్టం చెబుతోంది. లేని చోట ఆ లెక్కతో, టీచర్లను కూడా వెంటబెట్టుకుని మండల విద్యాశాఖాధికారి దగ్గరకు వెళదాం.

కొనుగోలు కేంద్రం కోసం రోడ్డెక్కిన మనం బడి కోసం ఎక్కలేమా? వచ్చే సార్వా నాట్లకు ముందే బడులు తెరుస్తారు. ఆ లోపు ఊరూరా ఈ లెక్క పూర్తి చేద్దాం.