తెరచాప పడవలో విద్యుత్తు: లోపమెక్కడ?



2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరిన మన నౌకాదళపు తెరచాప నౌక ‘తారిణి’, ఆరుగురు మహిళాధికారులతో భూప్రదక్షిణము గావించి, 2018 మే 21న తిరిగి వచ్చెను. వారిలో విశాఖపట్నపు పి. స్వాతి, హైదరాబాదు వాసి బి. ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. ఇట్టి యాత్రలలో పడవను నడపునది గాలియే. కాని దీపములకు, రేడియోకు, దారి చూపు పరికరములకు విద్యుత్తు కావలెను. నడిసముద్రమున మేస్త్రీని పిలువ వీలులేదు గనుక, నావికుడే మేస్త్రీ కావలెను.

చిన్న పడవలలో సాధారణముగా 12 వోల్టుల బ్యాటరీ యుండును. ఇన్వర్టరు దానిని 230 వోల్టులకు మార్చును. దీపము చక్కగా వెలుగును. 1000 వాట్ల కెటిలు పెట్టగానే ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోవును. కెటిలు తీసి చూచిన, బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. అంతట నింద ఇన్వర్టరుపై బడును.

లెక్క చూడుడు. 1000 వాట్లకు బ్యాటరీనుండి సుమారు 90 ఆంపియర్లు ప్రవహించవలెను. ఉప్పుగాలికి చిలుము పట్టిన అతుకులో 0.02 ఓము నిరోధమున్నను చాలును, 1.8 వోల్టులు అచ్చటనే హరించును. బరువు మీద 12కు దిగిన బ్యాటరీనుండి ఇన్వర్టరుకు చేరునది 10.2 మాత్రమే. పెక్కు ఇన్వర్టరులు 10.5 ప్రాంతమున తమంతట ఆగిపోవును. అది దోషము కాదు, రక్షణ. మాటిమాటికి మీట నొక్కి బలవంతపెట్టినచో, ఆ అతుకు 160 వాట్ల పొయ్యి యగును. నడిసముద్రమున పడవకు నిప్పంటుకొన్న పారిపోవ చోటు లేదు.

కావున, కెటిలు పనిచేయుచుండగనే మొదట బ్యాటరీ కొసలయొద్ద, పిమ్మట ఇన్వర్టరు కొసలయొద్ద వోల్టులు కొలువవలెను. రెంటి నడుమ పెద్ద భేదమున్న, లోపము తీగలో, అతుకులో, లేదా ఫ్యూజులో నున్నది. బ్యాటరీయొద్దనే మిక్కిలి తగ్గిన, అది ముదిసినదో, ఛార్జి చాలనిదో. రెండుచోట్లను సరిగా నున్నప్పుడే ఇన్వర్టరును, ఉపకరణమును శంకింపవలెను. ఫ్రిజ్ మోటారు కదలునప్పుడు మామూలుకంటె ఎన్నో రెట్లు లాగును. అతుకును ముట్టుకొనుటకు ముందు బ్యాటరీని విడదీయవలెను.

పంపినవారును, అందుకొనవలసినవారును నిర్దోషులై, కాగితము నడిమి బల్లమీద నిలిచిపోవుట సచివాలయ మిత్రులకు క్రొత్త గాదు. మన క్వార్టర్లలోని ఇన్వర్టరుకును ఇదే న్యాయము. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు, పాత అతుకును ఒకసారి పరీక్షింపుడు.