కోటగోడ చెప్పు పాఠము



ప్రాచీన గ్రీసులోని స్పార్టా రాజ్యము యుద్ధమునే విద్యగా నెంచెను. అచ్చటి బాలుడు ఏడవయేటనే తల్లి యొడి వీడి సైనిక శిక్షణలో చేరవలెను. పౌరుడు నాగలి పట్టడు. అతని పొలము దున్నువారు హెలాట్లను దాసులు. వారిని భయముతో అణచుటయే ఆ శిక్షణకు ముఖ్యకారణము. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా రణమున ఓడిన పిదప, దాసులనేకులు విముక్తులు కాగా, స్పార్టా మరల కోలుకొనలేదు.

మన రాయచూరు కోటయు వీరుల కట్టడమే. కాకతీయుల కాలమున, 1294లో, గోన గన్నారెడ్డి పక్షమున విఠలనాథుడు ఆదవోని మొదలగు దుర్గములను జయించి దీనిని కట్టించెను. ఆ సంగతి తెలుపు తెలుగు శాసనము 40 అడుగులకు మించిన ఏకశిలపై నేటికిని కలదు. ఆ లిపి నాడు తెలుగు కన్నడములకు ఉమ్మడిది. అచ్చటనే ఆ శిలను బండిపై లాగుచున్న పశువుల బారును, తోలుచున్న మనుష్యులను శిల్పి చెక్కెను. విజేత పేరు గల చోటనే శ్రామికునకును స్థానము దక్కినది.

మీ బిడ్డలను అచ్చటికి కొనిపొండు. విఠలనాథుని కథ చెప్పుడు. పిదప పేరులేని ఆ బండివానిని తప్పక చూపుడు. పరుల చెమటను గౌరవింపని శౌర్యము నిలువదని వారికి తెలియవలెను.